రెండు పరదాల ఇల్లు

బొగ్గుబావిలో పనిచేస్తానని చెబితే ఎదుటివాళ్లు వెంటనే నా భుజాల వైపు చూస్తారు. నేను కూడా ఊపిరి బిగబట్టి ఛాతీ కాస్త ముందుకు పెడతాను. బొగ్గు పేల్చేవాడినో, యంత్రం నడిపేవాడినో అనుకుంటారు. అనుకోనిస్తాను. అసలు నా పని పరదాలు కట్టడం. భూమి లోపల గాలి తనంతట తాను పోవలసిన చోటికి పోదు. దాన్ని దారికి తేవడానికి సొరంగాలకు అడ్డంగా మందపాటి పరదాలు కట్టాలి. సందు దొరికితే చాలు, గాలి అటే జారిపోతుంది. సందు లేకుండా పరదా కట్టడంలో గోదావరిఖని మొత్తంలో నా అంతటివాడు లేడని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఇంకెవరికైనా ఉన్నట్టు ఇప్పటిదాకా నా చెవిన పడలేదు.

పెళ్లిచూపుల్లో "బాయిల నౌకరి" అని మాత్రమే చెప్పాం. పెళ్లయ్యాక మా ఆవిడ సంధ్యారాణికి సంగతి తెలిసింది.

"అంటే పొద్దంత పరదాలు కట్టి వస్తవా? మరి మన కిటికీకి ఒకటి కట్టనీకి ఏమైంది నీకు?" అంది.

రేపు కడతానన్నాను. మా పాప పుట్టేదాకా ఆ కిటికీకి పరదా పడలేదు. పడటం మొదలయ్యాక ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

పాప పుట్టిందని కబురు వచ్చినప్పుడు నేను మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చి స్నానం చేస్తున్నాను. తడి తలతోనే దవాఖానకు పరుగెత్తాను. నర్సమ్మ గుడ్డలో చుట్టి తెచ్చి చూపించింది. తల మీద జుట్టు తెలుపు. కనుబొమలు తెలుపు. కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. ఒళ్లు మాత్రం లేత గులాబీ రంగులో ఉంది. తండ్రి అన్నవాడు తొలిసారి బిడ్డను చూసి ఏదో గొప్ప మాట అంటాడని వినేవాడిని.

"మేడం, ఇది మాదేనా?" అన్నాను.

"ఈ పూట పుట్టింది గీ ఒక్క పిల్లనే. వద్దంటే చెప్పు, నేను తీస్కపోత" అంది నర్సమ్మ.

తెలుపు మీద నాకు చిన్నప్పటినుంచీ మోజు. తెల్లబడతారని టీవీలో చెప్పిన క్రీములన్నీ నా మొహం మీద పనిచేశాయి. మొహం అలాగే ఉంది, కాస్త జిడ్డు మాత్రం పెరిగింది. మా పెళ్లి ఫోటోలో నా మొహం ఒక మనిషిది, మెడ ఇంకో మనిషిది. దేవుడు ఇన్నాళ్లకు నా మొర విన్నట్టున్నాడు. నేను అడిగింది ఒక చెంచాడు, ఆయన డబ్బా మొత్తం బోర్లించాడు. అదీ చిరునామా తప్పి.

మా అత్త సమ్మవ్వ అప్పటికే రామగిరి నుంచి వచ్చి ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మావాళ్ల ఆనవాయితీ. కంపెనీ దవాఖాన ఇక్కడే ఉంది కాబట్టి ఈసారి పుట్టిల్లే మా క్వార్టరుకు తరలి వచ్చింది. మనవరాలిని చూసి ముద్దాడి, తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మావోళ్లల్ల గిట్ల ఎవ్వలు లేరు" అంది.

పిల్లల డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. ఇది జబ్బు కాదు, ఒంట్లో రంగు తయారు కాదు, అంతే. తల్లి వైపు నుంచి సగం, తండ్రి వైపు నుంచి సగం కలిస్తేనే ఇలా పుడతారు, ఎవరి తప్పూ లేదు. "మా సగం చిన్నగనే ఉంటది" అని గొణిగింది మా అత్త. డాక్టరమ్మ ఇంకా చెబుతోంది. ఎండ తగలనివ్వొద్దు. కళ్లు మిరుమిట్లు తట్టుకోలేవు. చూపు కొంచెం తక్కువ ఉండొచ్చు. మూడు నెలలు నిండగానే కరీంనగర్‌లో కంటి డాక్టరుకు చూపించండి. మిగతా అంతా మామూలు పిల్లే, నలుగురిలో తిప్పండి, బాగా ఆడించండి.

ఇందులో నా చెవిలో నిలబడింది ఎండ అన్న మాట. మిగతావి ఆమె చెబుతున్నంతసేపూ నేను మనసులో మా క్వార్టరు కిటికీలు కొలుస్తున్నాను.

లక్ష్మీనగర్‌లో నల్ల తార్పాలిన్ కొన్నాను. బావిలోంచి ఎత్తుకొచ్చానని అనుకునేరు, సొంత డబ్బులతోనే కొన్నాను. తల్లీబిడ్డ ఇంటికి వచ్చేలోపు అన్ని కిటికీలూ మూశాను. కిటికీల పైన ఉన్న గూళ్లూ మూశాను. వంటింట్లో పొగ పోయే కంతను సైతం వదల్లేదు. వీధి గుమ్మం దగ్గర మాత్రం నా తెలివి అంతా చూపించాను. బావిలో రెండు గాలి దారుల నడుమ రెండు తలుపులుంటాయి. ఒకటి మూసుకున్నాకే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తీస్తే గాలి దారి తప్పుతుంది. వెలుగు కూడా అంతే కదా అనుకుని, గుమ్మానికి ఒక పరదా, నాలుగడుగులు లోపల ఇంకో పరదా కట్టాను. బయటిది పడ్డాకే లోపలిది ఎత్తాలని ఇంట్లో వాళ్లకు హుకుం జారీ చేశాను.

మొదటి రోజే మా అత్త పాలగిన్నెతో వచ్చి ఆ రెండింటి నడుమ ఆగిపోయింది.

"అల్లుడా, నేను లోపటున్ననా, బయటున్ననా?"

"నడుమల ఉన్నవత్తా. ఎనుక పరదా వడ్డదా?"

"పడ్డది."

"మొత్తం వడ్డదా?"

"పాలు వడ్డయి" అంది.

ఇంట్లో వెలుగు అంటే ఒక జీరో బల్బు. దానికి కూడా ఎర్ర కాగితం చుట్టాను. సంధ్యారాణి పాపను ఒళ్లో పెట్టుకుని ఆ ఎర్రటి చీకట్లో కూర్చుని నన్నే చూసేది.

"నౌకరి నీది. భూమి లోపట నేనెందుకు ఉండాలె?" అంది ఒకరోజు.

"పిల్ల కండ్ల కోసం" అన్నాను.

ఆ మాటకు ఏ తల్లీ ఎదురు చెప్పదని నాకు తెలుసు. అందుకే అన్నాను.

ఇరవై ఒకటో రోజు పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టాం. వచ్చినవాళ్లందరూ పేర్లు మోసుకొచ్చారు. వెన్నెల అన్నారు, మల్లిక అన్నారు, శ్వేత అన్నారు. సంధ్యారాణికి ఒళ్లు మండింది.

"పేరు పిల్లకు పెడుతున్నరా, రంగుకు పెడుతున్నరా?" అని అడిగి, తనే యమున అని పిలిచి తొట్టెల ఊపింది. పేరు బాగుందని నేను తలూపాను. చీకట్లో అది ఎవరికీ కనబడలేదు. ఆ రోజు చుట్టాలు గుమ్మం దగ్గర వరుస కట్టి, ఒక్కొక్కరే పరదాలు దాటి వచ్చారు. నాతోపాటు పనిచేసే బుచ్చన్న లోపలికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"తమ్మీ, నీ ఇంటికి టోపీ లైటు పెట్టుకొని రావాలెనారా?" అన్నాడు.

పక్క క్వార్టరు ముసలమ్మ తొట్టెల పక్కనున్న దిండును నిండు నూరేళ్లు బతకమని దీవించి వెళ్లింది.

నా పరదాలకు ఇంకో కారణం కూడా ఉంది. పాప పుట్టిన కొత్తలో షిఫ్టు దిగుతుండగా ఒకడు, "జైపాలన్నా, మన పక్క బాయిల మిషిన్ బిగించనీకి వచ్చిన ఫారిన్ ఇంజనీర్లు వాపస్ పోయిండ్రా, ఇంకా ఉన్నరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. మర్నాడు ఇంట్లో అన్నం తింటుంటే ఆ మాట అర్థమైంది. ఆ పూటే చెప్పు తీసుకుని కొట్టవలసింది. నేను ఇంకో వరుస మేకులు కొని పరదాలను గట్టి చేశాను. చీకట్లో మా పాప రంగు ఎవరికీ కనబడదు.

నెలలు గడిచాయి. యమున ఒళ్లు చేసింది, నవ్వడం నేర్చింది, ఊఁ కొట్టడం నేర్చింది. గిలక్కాయ ఎటు మోగితే అటు తల తిప్పేది. మా అత్త కడియం చప్పుడుకు కాళ్లు ఆడించేది. కళ్లు మాత్రం కుడికీ ఎడమకూ అదే పనిగా ఊగుతుండేవి. ఎవరి మొహం మీదా నిలిచేవి కావు.

ఒక సాయంత్రం సంధ్యారాణి నన్ను పిలిచి, చప్పుడు చేయొద్దని సైగ చేసింది. తొట్టెల మీదికి వంగి పాపకు ఎదురుగా మొహం పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. పాప కళ్లు ఆమెను దాటి ఎటో ఊగుతున్నాయి. "యమునా" అని మెల్లగా పిలిచింది. వెంటనే పాప నవ్వింది.

"చూసినవా? నేను మాట్లాడకపోతే దానికి నేను లేను" అంది.

"చిన్నపిల్ల గదనే" అన్నాను.

"పక్కింటి పోరడు దీనికంటె చిన్నోడు. తల్లి కానొస్తే చేతులు చాపుతడు. కంటి డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోదాం?"

ఏప్రిల్‌లో ఎండలు ముదురుతున్నాయన్నాను. మేలో ముదిరాయన్నాను. జూన్‌లో నాలుగు వానలు పడనీ అన్నాను. జూలైలో వానలు పడితే, పిల్ల తడిస్తే జలుబు చేస్తుందన్నాను. మా ప్రాంతంలో ఏడాది పొడుగునా ఏదో ఒక వాతావరణం ఉండటం నాకు బాగా కలిసొచ్చింది. అసలు సంగతి నాకు భయం. ఆ డాక్టరు నా మొహం చూసి, మీ పాపకు చూపు లేదని చెబుతాడేమోనని భయం. అడగనంత కాలం ఆ మాట పుట్టదని నా ధీమా.

ఒక రోజు నాకు రెండో షిఫ్టు. పొద్దున నేను టీ తాగుతుంటే సంధ్యారాణి చీర మార్చుకుని, పాపను భుజాన వేసుకుని నిలబడింది. మా అత్త చంకలో సంచి, చేతిలో గొడుగు.

"మేం కరీంనగర్ పోతున్నం. వస్తే రా. లేకుంటే డ్యూటీకి పో" అంది.

"ఎండ..."

"మబ్బు వట్టింది."

"ఇంకో వారం ఆగితే..."

"దానికి కానొస్తదా లేదా నాకు తెల్వాలె" అంది. "కానరాకపోతే కానరాని పిల్లనే పెంచుకుంట. గుడ్డిదైనా నా బిడ్డనే. తెల్వకుంట మాత్రం ఎట్ల పెంచాలె, చెప్పు?"

డ్యూటీ మానేసి, మిగిలిన తార్పాలిన్ ముక్క తీసుకుని వాళ్ల వెనక నడిచాను. బాడుగకు మాట్లాడుకున్న కారు వెనక అద్దాలన్నిటికీ అది కట్టాను. వెనక వచ్చే బండ్లు కనబడక డ్రైవరు దారంతా నన్ను తిడుతూనే నడిపాడు.

కంటి డాక్టరు పెద్దాయన. పాప ముందు నల్ల గీతల అట్ట తిప్పాడు, చిన్న లైటు వేసి చూశాడు, తల వంచి దగ్గరగా చూశాడు.

"ఇంట్లో ఎటువైపు చూస్తుంది?" అని అడిగాడు.

ఇదే అదను అనుకున్నాను. కిటికీలు ఎలా మూశానో, గుమ్మానికి రెండు పరదాలు ఎందుకు కట్టానో, ఒకటి పడకుండా రెండోది ఎవరూ ఎత్తరని, జీరో బల్బుకు ఎర్ర కాగితం ఉందని చేతులు తిప్పుతూ వివరించాను. ఆయన తన చేతిలోని లైటు బల్ల మీద పెట్టేశాడు.

"ఎన్నాళ్లుగా?"

"పుట్టినప్పటి నుంచి సార్. ఒక్కనాడు తప్పలే."

"ఆ ఇంట్లో మీకు ఏమైనా కనబడుతుందా?"

"నాకు అలవాటే సార్."

"మీకు అలవాటు. ఈ పిల్లకు చూడటం అనేదే ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. "పిల్లలు చూసి చూసి చూడటం నేర్చుకుంటారు. ఈమెకు చూపు ఉంది. చూడటానికే మీరు ఏమీ మిగల్చలేదు."

ఎండకు భయపడి ఇన్ని చేశాను. ఎండ నా బిడ్డకు ఏ అపకారమూ చేయలేదు, చేసింది నేను.

"వస్తదా సార్?" అని సంధ్యారాణి అడిగింది.

"ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేనమ్మా. మనకున్నంత రాదు. కానీ చిన్న వయసు, వెంటనే మొదలుపెడితే చాలా అందుకుంటుంది. ఎండలో టోపీ, రంగు కళ్లద్దాలు. నీడలో, వెలుగులో బాగా తిప్పండి. ఏది చూపించినా జానెడు దూరంలో పెట్టి చూపించండి. మీ మొహాలు చూపించండి."

తిరుగు ప్రయాణంలో సంధ్యారాణి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ లోటు మా అత్త తీర్చింది. సుల్తానాబాద్‌లో అందుకున్నది పెద్దపల్లి దాటినా దించలేదు. డ్రైవరు కూడా మధ్యలో రెండు ముక్కలు కలిపాడు. కారు అద్దాల తార్పాలిన్ ఆయన కరీంనగర్‌లోనే పీకేశాడు.

ఇల్లు చేరగానే పరదాలు విప్పడం మొదలుపెట్టాను. రాలేదు. అంత గట్టిగా ఎవడు కట్టాడురా అని తిట్టుకుంటూ కూరగాయల కత్తితో కోశాను. మొదటి కిటికీ తెరుచుకోగానే గోడల మీద బూజు, మూలన తేమ మరకలు బయటపడ్డాయి. వెనక్కి తిరిగితే సంధ్యారాణి నిలబడి ఉంది. అన్ని నెలల తర్వాత మా ఆవిడను మా ఇంట్లో వెలుగులో చూశాను. బాగా చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా అయింది. నాకు ఏడుపొచ్చింది.

"ఆ వంటింటిది గూడ తియ్యి" అంది.

ఆ తర్వాత మా వసారా ఒక అంగడి అయింది. యమునకు లబ్బరు పట్టీతో చిన్న రంగు కళ్లద్దాలు, అంచు వెడల్పు టోపీ వచ్చాయి. పొద్దునా సాయంత్రం వసారా నీడలో కూర్చోబెట్టి స్టీలు గ్లాసు, ఎర్ర గాజులు, టమాట, బుచ్చన్న కొడుకు బంతి ఒక్కొక్కటీ జానెడు దూరంలో ఆడించేవాళ్లం. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. కొందరు ముచ్చటపడేవారు, కొందరు ఊరికే చూసేవారు. చూడనీ అనుకున్నాను. స్నానం చేసి, తల దువ్వుకుని, నేను నా మొహం కూడా పాప ముందు పెట్టి రకరకాలుగా తిప్పేవాడిని. కనుబొమలు ఎగరేసేవాడిని, బుగ్గలు పొంగించేవాడిని. యమున కళ్లు గేటు దగ్గర ఎవరో పిలిచినట్టు అటే ఊగేవి. "నిన్న నా ముక్కుపుల్ల దిక్కు చూసింది" అని మా అత్త చెప్పేది. మేం నమ్మేవాళ్లం కాదు, కాదనే ధైర్యమూ లేదు. సాయంత్రాలు నేను టమాటలు పట్టుకుని పాప ముందు కూర్చున్నప్పుడల్లా డాక్టరు మాటే చెవిలో మోగేది. ఆలస్యమైపోయిందేమో, నా చేతులతోనే ఆలస్యం చేశానేమో అని నెలలు లెక్కపెట్టుకునేవాడిని.

బతుకమ్మ పూలు వచ్చే రోజులు. మొదటి షిఫ్టు ముగించుకుని ఇంటికి వస్తున్నాను. ఆ రోజు బావి దగ్గర నీళ్లు రాక, ఇంట్లోనే కడుక్కుందామని బొగ్గు మొహంతోనే బయలుదేరాను. మామూలుగా అయితే శుభ్రంగా కడుక్కున్నాకే పాప దగ్గరికి వెళ్తాను. గేటు తీస్తుండగానే వసారాలోంచి సంధ్యారాణి కేక వేసింది.

"జల్ది రా! దీని కండ్లు చూడు, బంతిపువ్వు ఎనుక పోతున్నయి!"

టిఫిన్ డబ్బా ఎక్కడ పడేశానో తెలియదు. పరుగెత్తి వెళ్లి మోకాళ్ల మీద కూలబడి, ఆమె ఒళ్లో ఉన్న పాపకు జానెడు దూరంలో మొహం పెట్టాను. ఆయాసంతో నోట మాట రాలేదు. సంధ్యారాణి కూడా మాట్లాడలేదు. యమున తల కొంచెం పక్కకు వాల్చింది. అద్దాల వెనక ఊగే కళ్లు మెల్లగా నెమ్మదించాయి. బొగ్గు నలుపులో తెల్లగా కనబడే నా ఒక కంటి మీద ఆగాయి. రెండో కంటికి వచ్చాయి. అక్కణ్నుంచి తెరిచి ఉన్న నా నోటి దగ్గరికి, పళ్ల మీదికి దిగాయి. పాప కింది పెదవి వణికింది.

తర్వాత పాప పెట్టిన కేకకు గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

సంతోషంతో నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే పళ్లు ఇంకా బాగా కనబడి పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. తల్లి మెడలో మొహం దాచుకుంది. కాసేపాగి, అక్కడ ఉన్నది ఇంకా ఉందా అని అద్దాల పక్కనుంచి తొంగి చూసింది. ఉన్నాను. మళ్లీ అందుకుంది.

మా అత్త లోపలినుంచి చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చింది. "మొకం కడుక్కో అల్లుడా, పిల్ల దడుసుకుంటున్నది!"

"వద్దే అవ్వా" అంది సంధ్యారాణి. ఇన్ని నెలల్లో ఎన్నడూ నా ఎదుట ఏడవని మనిషి, చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచి నా వైపు తిరిగింది. "కడుక్కోకు. గట్లనే ఉండు. ఇంకోసారి చూడనీ."

అలాగే ఉన్నాను. కళ్లలోంచి నీళ్లు కారి నా బుగ్గల మీద బొగ్గు చారలు కట్టింది. ముగ్గురం ఏడుస్తూ కూర్చున్నాం. మా ఇద్దరికీ ఎందుకు ఏడుస్తున్నామో సరిగా చెప్పడం రాదు. యమునకు మాత్రం గట్టి కారణమే ఉంది. అది నన్ను చూసింది.